బరాత్ గుర్రం దగ్గర మొదలుపెట్టండి: గుర్రాల బొమ్మలు గీయడం, రంగులు వేయడం

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సామెత. గుర్రాన్ని గీయబోయేవాళ్లకు కోతి దాకా వెళ్లే శ్రమ ఉండదు. ఒకసారి గాడిద వస్తుంది, ఒకసారి కుక్క వస్తుంది, ఇంకోసారి నాలుగు కాళ్ల సోఫా వస్తుంది. నాకు మూడూ వచ్చాయి.

హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక ఫంక్షన్ హాల్ ఉంది. ముహూర్తాల రోజుల్లో సాయంత్రం ఏడింటికల్లా దాని ముందు తెల్ల గుర్రం వచ్చి నిలబడుతుంది. పెళ్లికొడుకు ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి గుర్రం కనీసం నలభై నిమిషాలు అక్కడే ఉంటుంది. కదలని మోడల్, పైసా ఖర్చు లేదు. ఒక రాత్రి స్కెచ్‌బుక్‌లో గీసుకున్నది ఇంటికెళ్లి దిద్ది, వారం తర్వాత మళ్లీ గుర్రం వచ్చినప్పుడు దాన్ని తెచ్చిన భాయ్‌కి చూపించాను. బొమ్మ వంక ఒక్క క్షణం చూసి, "యే ఘోడీ తో లంగ్డీ హై సాబ్" అన్నాడు. ఇది కుంటి గుర్రం సార్ అని.

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. నిలబడ్డ గుర్రం వెనక కాలొకటి వదులు చేసి, గిట్ట కొసను నేలకు ఆనించి విశ్రాంతి తీసుకోవడం మామూలే. అదే ముందు కాలిని అలా చాపి, బరువు మోపకుండా నిలబడిందంటే దానికి ఎక్కడో నొప్పి ఉన్నట్టు. నేను వెనక కాలి విశ్రాంతిని చూసి, ఇంటికొచ్చాక "ముందు కాలికైతే అందంగా ఉంటుంది" అనుకుని మార్చేశాను. చూడనిదాన్ని అందం కోసం కలిపినందుకు గుర్రం కుంటిదైంది.

గుర్రం బొమ్మ నిలిచేదీ పడేదీ కాళ్ల దగ్గరే అని నాకప్పుడు అర్థమైంది. కన్ను ఎంత మెరిసినా, జూలు ఎంత ఎగిరినా, కాళ్లు తప్పితే గుర్రాలతో బతికేవాడు ఒక్క క్షణంలో పట్టేస్తాడు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు కాళ్లకే ఇస్తున్నాను.

సామాను: కొంచెం చాలు

హెచ్‌బి, 2బి, 4బి పెన్సిళ్లు, ముద్దలా పిసికే రబ్బరు ఒకటి, ఏ4 సైజు స్కెచ్‌బుక్. రంగుల కోసం వాటర్‌కలర్ ట్యూబులు ఆరు: యెల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, క్రిమ్సన్, లెమన్ యెల్లో. నల్ల రంగు కొనకండి, ఎందుకో తర్వాత చెబుతాను. కేమెల్ స్టూడెంట్ రకం రంగులతో హాయిగా నేర్చుకోవచ్చు. డబ్బు పెట్టాల్సింది కాగితం మీద. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) వాటర్‌కలర్ కాగితమైతే నీళ్లకు ఉబ్బి అంతగా ముడతలు పడదు. సన్న కాగితం మీద ఎంత ఖరీదైన రంగు వేసినా అప్పడంలా లేస్తుంది. బ్రష్షులు రెండు చాలు, గుండ్రటిది 8 నంబరు, సన్నటిది 2 నంబరు. వెనకాల చీకటి పరచడానికి ముప్పావు అంగుళం చదును బ్రష్ కూడా ఉంటే సుఖం.

గుర్రం ఎక్కడ దొరుకుతుంది, మీరు ఎక్కడ నిలబడాలి

బరాత్ గుర్రాలు సరే. హైదరాబాద్ వాళ్లకు మలక్‌పేట రేస్‌కోర్సు ఉంది. వానాకాలం, చలికాలం సీజన్లలో రేసుకు ముందు గుర్రాలను ప్యాడాక్‌లో గుండ్రంగా నడిపిస్తారు. పందెం కాయకుండా అక్కడ నిలబడి చూసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. విశాఖ వాళ్లకు బీచ్‌లో సవారీ గుర్రాలు కనిపిస్తాయి. ఏవీ దొరకని ఊళ్లో ఉంటే ఫోన్‌లోని వీడియోను ఆపి ఆపి గీసుకున్నా తప్పులేదు. కాకపోతే ఒక్కసారైనా నిజం గుర్రం పక్కన నిలబడి, దాని మూపు, అంటే మెడ వీపులో కలిసే ఎత్తయిన చోటు, మీ గడ్డం దాకా వస్తోందా, తల దాకా వస్తోందా చూసుకోండి. రేసు గుర్రాల మూపు సుమారు 64 అంగుళాల ఎత్తున ఉంటుంది, అంటే అయిదడుగుల నాలుగంగుళాలు. మన సగటు మనిషి కంటిచూపు కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది.

బొమ్మకు దీంతో పెద్ద పనుంది. మీ కంటి ఎత్తు, గుర్రం వీపు ఎత్తు ఒకటే అయితే వీపు పైభాగం మీకు కనిపించదు, అంచు మాత్రమే కనిపిస్తుంది. నేల మాత్రం మీ కంటికి చాలా కిందుంది. అందువల్ల అవతలి పక్క గిట్టలు ఇవతలి గిట్టల కంటే కాగితం మీద కొంచెం పైన పడాలి. నాలుగు గిట్టలనూ ఒకే గీత మీద పెడితే గుర్రం తాడు మీద నడుస్తున్నట్టుంటుంది. కొత్తవాళ్ల బొమ్మల్లో నేను మొదట చూసేది ఇదే.

ఫోటో తీసుకునేటప్పుడు దగ్గరికి వెళ్లకండి. రెండడుగుల దూరం నుంచి ఫోన్‌తో తీస్తే తల గంగాళమంత, వెనక భాగం మేకంత వస్తుంది. నాలుగైదు మీటర్లు వెనక్కెళ్లి జూమ్ చేయండి. ఫోన్‌ను గుర్రం ఛాతీ ఎత్తులో పట్టుకోండి.

ఇంకో మాట, బొమ్మకు కాదు, మీ పక్కటెముకలకు సంబంధించింది. గుర్రానికి సరిగ్గా వెనకాల నిలబడకండి, అక్కడ దానికి ఏమీ కనపడదు. పక్కనుంచి, దాని కంట పడేలా, గుర్రం మనిషిని అడిగి దగ్గరికి వెళ్లండి. ఫ్లాష్ కొట్టకండి.

మీ చెయ్యే గుర్రం కాలు

పెన్సిల్ పక్కన పెట్టి కుడి అరచేతిని బల్ల మీద ఆనించండి. ఇప్పుడు అరచేయి లేపి వేళ్ల మీద నిలబెట్టండి. ఆపైన మిగతా వేళ్లన్నీ మడిచి నడిమి వేలి కొస మీద మాత్రమే చేతిని నిలబెట్టండి. మీరు చూస్తున్నది గుర్రం ముందు కాలు. గిట్ట అనేది ఆ వేలి గోరు. గుర్రం నాలుగు వేళ్ల కొసల మీద, నాలుగు గోళ్ల మీద నడిచే జంతువు.

ఇప్పుడు గోరు నుంచి పైకి రండి. గిట్ట పైన ఏటవాలుగా ఉండే పొట్టి భాగం మీ వేలు. దానిపైన బంతిలా ఉబ్బిన కీలు మీ పిడికిలి కణుపు. అక్కడినుంచి నిటారుగా లేచే సన్నటి ఎముక మీ అరచేతి ఎముక. ఆ తర్వాత వచ్చేది, మనమంతా "గుర్రం మోకాలు" అనేది, నిజానికి మీ మణికట్టు. దానిపైన కండపట్టిన భాగం మీ ముంజేయి. మోచేయి ఎక్కడుంది? ఛాతీకి అంటుకుని, పొట్ట గీతకు కాస్త పైన దాక్కుంది. మోచేతి నుంచి భుజం దాకా ఉన్న ఎముకంతా ఒంట్లోనే కలిసిపోయింది.

వెనక కాలూ అంతే, చేతికి బదులు పాదం. వెనక్కి పొడుచుకొచ్చే ఆ కోణం మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పొట్టకూ తొడకూ మధ్య, చర్మం మడతపడే చోట ఉంది, ఇంచుమించు ముందు మోచేయి ఎత్తులోనే. "గుర్రం మోకాళ్లు వెనక్కి వంగుతాయి" అని చిన్నప్పుడు ఎవరో చెప్పింది మనసులో ఉండిపోయి చేయి తప్పుతుంది. వెనక్కి వంగుతున్నది మడమే. మనకూ మడమ వెనక్కే ఉంటుంది కదా.

నేను ఇక మీదట ముందు కాలిది మణికట్టు అనే, వెనక కాలిది మడమ అనే అంటాను. పేరు సరిగ్గా పెడితే గీత దానంతటదే సరిపడుతుంది.

గుర్రాన్ని చూస్తూ సరిచూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మడమ కొస మణికట్టు కంటే ఎత్తులో ఉంటుంది. రెంటినీ ఒకే ఎత్తున పెడితే బల్ల కాళ్లవుతాయి. ముందు కాలు పక్కనుంచి చూస్తే నిటారు స్తంభం, వెనక కాలు మడతల స్ప్రింగ్. ముందు కాళ్లు బరువు మోస్తాయి, నిలబడ్డ గుర్రం బరువులో సగానికి పైగా వాటి మీదే ఉంటుంది. ఒంటిని ముందుకు తోసేవి వెనక కాళ్లు. మణికట్టు కింద, మడమ కింద కండ అనేదే లేదు, ఎముకా నరాల తాళ్లూ చర్మమూ మాత్రమే. అందుకే కింది భాగంలో వంపులు తిప్పకండి. గట్టి గీత, కీలు దగ్గర ఒక ఉబ్బు, మళ్లీ గట్టి గీత. గిట్ట ముందు అంచు నేలతో సుమారు 50 డిగ్రీల కోణం చేస్తుంది, దాని పైనున్న వేలు కూడా అదే వాలులో ఉంటుంది. గిట్టను బూటులా గుండ్రంగా చేయకండి, తలకిందులు చేసిన పూలకుండీని కాస్త వెనక్కి వాల్చినట్టు ఊహించుకోండి.

నా కుంటి గుర్రం కథలో మిగిలిన సగం కూడా ఇక్కడే చెప్పాలి. వెనక కాలొకటి వదులు చేసినప్పుడు ఆ పక్క తుంటి కిందికి దిగుతుంది. వెనకనుంచి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది, పక్కనుంచీ కొంత కనిపిస్తుంది. కాలు మాత్రమే వంచి తుంటిని అలాగే ఉంచితే, ఆ కాలు ఎవరో తెచ్చి అతికించినట్టుంటుంది. కాలిలో వచ్చిన ప్రతి మార్పూ నడుము దాకా వెళ్తుంది.

ఒక వారం పాటు కాళ్లు మాత్రమే గీయండి. తల వద్దు, ఒళ్లు వద్దు. విసుగ్గా ఉంటుంది, నిజమే.

10 సెంటీమీటర్ల చదరం

ఇప్పుడు మొత్తం గుర్రం. పక్కనుంచి, నిలబడి ఉన్నది. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి మధ్యలో 10 సెంటీమీటర్ల చదరం లేతగా గీయండి. మెడ, తల ఈ చదరం బయటికి వస్తాయి కాబట్టి ముందువైపు జాగా వదలండి.

చదరం కింది గీత నేల. పై గీత మూపు ఎత్తు. ముందు నిలువు గీత ఛాతీ కొస, వెనక నిలువు గీత పిరుదు కొస. చాలా గుర్రాల ఒళ్లు ఈ చదరంలో ఇంచుమించు ఇముడుతుంది. తల పొడవు ఇందులో రెండున్నరో వంతు, అంటే 4 సెంటీమీటర్లు. ఈ 4 సెంటీమీటర్లే మీ కొలబద్ద.

చదరం పై సగంలో ఒంటిని పెట్టండి. మూపు నుంచి ఛాతీ అడుగు దాకా ఎత్తులో దాదాపు సగం, ఒక వెంట్రుక తక్కువ. ఒంటిని అడ్డంగా మూడు భాగాలు చేయండి: భుజం, పొట్ట, తుంటి. భుజానికి ముందుకు వాలిన కోడిగుడ్డు, పొట్టకు పీపా, తుంటికి ఇంకో గుడ్డు. ఈ మూడింటినీ పైన ఒకే గీతతో కలపండి. మూపు దగ్గర చిన్న ఎత్తు, వీపులో కొద్దిగా పల్లం, తుంటి మీద మళ్లీ మూపంత ఎత్తు, అక్కడినుంచి తోక మొదలు దాకా వాలు. పల్లం ఎక్కువైతే ముసలి గుర్రమవుతుంది. పొట్ట గీత ముందు కాళ్ల మధ్య లోతుగా ఉండి, వెనక్కి వెళ్లేకొద్దీ కొంచెం పైకి లేస్తుంది.

కాళ్లకు నేలనుంచి కొలతలు ఇవి: పిడికిలి కణుపు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తున, మణికట్టు 3, మడమ కొస 4, మోచేయి 5 దాటాక. ముందు కాలి కోసం మోచేతి నుంచి దారం వేలాడదీసినట్టు నిలువు గీత దించండి, కాలు ఆ గీత వెంటే దిగుతుంది. వెనక, పిరుదు కొస నుంచి ఇంకో దారం దించండి. గుర్రం చక్కగా నిలబడి ఉంటే మడమ కొస, దాని కింది ఎముక వెనక అంచు ఆ దారాన్ని తాకుతూ దిగుతాయి. ఈ రెండో దారం తెలిశాక నా సోఫాలు ఆగిపోయాయి.

ఇవి సగటు కొలతలు. గుర్రపు పిల్లకు కాళ్లు పుట్టుకతోనే ఎంతో పొడవు, చదరం పనికిరాదు. బండి లాగే పొట్టి గుర్రాలకు ఒళ్లు చదరం దాటి పొడుగ్గా ఉంటుంది. ఎదురుగా గుర్రం ఉంటే కొలతను కాదు, గుర్రాన్ని నమ్మండి.

గీత అయ్యాక కాళ్ల మధ్య మిగిలిన ఖాళీలను చూడండి. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఒక ఆకారం ఉంది, మెడ కిందొకటి, తోకకూ కాలికీ మధ్యొకటి. ఎదుటి గుర్రంలో ఆ ఖాళీలు ఎలా ఉన్నాయో మీ కాగితం మీదా అలా ఉన్నాయా? మనకు గుర్రం ఎలా ఉంటుందో "తెలుసు" కాబట్టి తప్పు గీస్తాం. ఖాళీ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని చూసి గీస్తాం.

జార్జ్ స్టబ్స్ అని ఇంగ్లండు చిత్రకారుడు 1750లలో ఒక పల్లెటూరి ఇంట్లో 18 నెలలపాటు చచ్చిన గుర్రాలను పొర తర్వాత పొర విప్పి, చర్మం నుంచి ఎముక దాకా గీశాడు. 1766లో వాటిని అచ్చు వేయించాడు. ఆ పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి ప్రింట్ తీసి, దాని మీద పల్చని కాగితం పెట్టి ట్రేస్ చేయండి. చేతికి ఎముకలు గుర్తుంటాయి.

మెడ, తల

మెడ పైగీత జూలు వెంట 5 నుంచి 6 సెంటీమీటర్లు, కింది గీత సుమారు 4. తల దగ్గర సన్నం, ఒంట్లో కలిసేచోట వెడల్పు. కొత్తవాళ్లు మెడను గొట్టంలా గీసి ఒంటికి గుచ్చుతారు. మెడ ఒంటిలోంచి మొలుస్తుంది, చెట్టు మొదట్లో వెడల్పయినట్టు.

తల ఒక మేకు ఆకారం. చెంప దగ్గర గుండ్రటి పెద్ద ఎముక, అక్కడినుంచి మూతికి సన్నబడుతుంది. కన్ను తల పొడవులో పైనుంచి మూడో వంతు దగ్గర, పక్కకు ఉంటుంది. చాలామంది కిందికి దించేస్తారు, అప్పుడు దూడ ముఖం వస్తుంది. శాంతంగా ఉన్న గుర్రం కంట్లో తెల్లభాగం దాదాపు కనిపించదు. మన కన్నులా చుట్టూ తెలుపు పెడితే గుర్రం భయంతో బెదిరినట్టుంటుంది. కనుపాప అడ్డంగా ఉన్న కోడిగుడ్డు. పై రెప్ప నీడ కంటి మీద పడాలి, మెరుపు ఒక్కటే చుక్క.

చెవులు గుర్రం మనసు. రెండూ దేనికది తిరుగుతాయి. ముందుకు నిక్కితే ఏదో గమనిస్తోంది, వెనక్కి అణిగితే కోపం, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ ఉంటే బ్యాండువాళ్లనూ యజమానినీ ఒకేసారి వింటోంది. మార్వాడీ జాతి గుర్రం చెవులైతే లోపలికి వంపు తిరిగి, కొసలు ఒకదాన్నొకటి తాకేంత దగ్గరికొస్తాయి. అలాంటిది కనిపిస్తే మామూలు చెవులు పెట్టి చెడగొట్టకండి.

జూలును వెంట్రుక వెంట్రుకగా గీయకండి. ముందు ఒక ముద్దగా ఆకారం, దాంట్లో రెండు మూడు పాయలు, అంచుల్లో నాలుగు వెంట్రుకలు. తోక మొదట్లో ఎముక ఉంటుందని గుర్తుంచుకోండి. అది కొంచెం బయటికొచ్చాకే జుట్టు వేలాడుతుంది.

పరుగు

కదిలే గుర్రం మొదటి నెలలో వద్దంటాను. ఆగరని తెలుసు కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

నడకలో నాలుగు కాళ్లూ విడివిడిగా పడతాయి. ఒక పక్క ముందు, వెనక కాళ్లు దగ్గరికొచ్చి దాదాపు తగులుతుంటే, రెండో పక్క కాళ్లు బాగా దూరంగా ఉంటాయి. ఈ ఒక్క జత పట్టుకుంటే నడుస్తున్న గుర్రం వచ్చేసినట్టే. దుడుకు నడకలో, రేసువాళ్లు ట్రాట్ అంటారు, మూలకు మూల ఉన్న కాళ్లు కలిసి లేస్తాయి: కుడి ముందు, ఎడమ వెనక.

దౌడు విషయంలో ప్రపంచమంతా పొరబడింది. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఇంగ్లండు డెర్బీ రేసు చిత్రంలో గుర్రాలు ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి చాపి గాల్లో తేలుతుంటాయి. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి ఫోటోలు తీశాకే అసలు సంగతి తెలిసింది. దౌడులో నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణం ఉంది, కానీ అప్పుడు కాళ్లు చాపి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. ఆ ఫోటోల వరుస చూసి కాగితం మీద పుల్లల గుర్రాలు పన్నెండు గీయండి, కీళ్ల దగ్గర చుక్కలు, మధ్య గీతలు మాత్రమే.

"చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ గుర్రాలకు ఈ లెక్కలేవీ లేవు కదా" అని ఒక మిత్రుడు అన్నాడు. లేవు. గుర్రాలను ఏళ్ల తరబడి గీసిన చేయి, ఏది వదలాలో తెలిసి వదిలేసింది. మనం తెలియక వదిలేస్తాం. గుళ్లో అశ్వవాహనం, జాతర్లో కీలుగుర్రం కూడా అంతే. వాటి అందం వాటిది, వాటిని చూసి బతికున్న గుర్రం కాళ్లు గీయకండి.

మొదటి రంగు: ఎర్రగోధుమ గుర్రం

తెల్ల గుర్రంతో మొదలుపెట్టకండి. ఎర్రటి గోధుమరంగు ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక, కింద నల్ల కాళ్లు ఉండే గుర్రాన్ని రేసుల్లో బే అంటారు. నేర్చుకోవడానికి దానంత దయగల గుర్రం లేదు.

పెన్సిల్ గీతను రబ్బరుతో అద్ది లేతగా చేయండి. యెల్లో ఆకర్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా కలిపి, నీళ్లు ఎక్కువగా పోసి, ఒంటినిండా ఒక పల్చని పూత వేయండి. వీపు, తుంటి పైభాగం, చెంప ఎముక మీద మెరిసే చోట్లు మాత్రం ఖాళీగా వదలండి. పూర్తిగా ఆరనివ్వండి. వేసవిలో అయిదు నిమిషాలు, వానాకాలంలో ఒక టీ.

రెండో పూత బర్న్ట్ సియెన్నా, కాస్త చిక్కగా. భుజం వెనక పల్లం, పొట్ట కింది సగం, తొడ లోపలివైపు, మెడ కింద. బ్రష్‌ను ఒంటి వంపు వెంట లాగండి, పీపాకు కట్లు వేసినట్టు. తడిగా ఉండగానే అంచుల్ని మంచినీళ్ల బ్రష్‌తో కరిగించండి. పొట్ట అడుగును మరీ చీకటి చేయకండి, నేలనుంచి ఎండ ఎగసి అక్కడ వెచ్చటి వెలుగు పడుతుంది. వీపు మీద వదిలిన మెరుపులో మాత్రం బాగా పల్చని నీలం అద్దండి. నున్నటి వెంట్రుక ఆకాశాన్ని అద్దంలా పట్టుకుంటుంది. ఈ నీలంతోనే మట్టి గుర్రం ప్రాణమున్న గుర్రం అవుతుంది.

మూడోది నలుపు. ట్యూబులోని నలుపు కాగితం మీద బొగ్గులా చచ్చిపోతుంది. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా చిక్కగా కలిపితే లోతైన నలుపు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా ఉంటుంది. జూలు, తోక, కాళ్లు, చెవుల అంచులు దీంతోనే వేయండి. కాలి నలుపు మణికట్టు దగ్గర గీసినట్టు ఆగిపోదు, పైన గోధుమలో కరుగుతుంది.

చివరగా నీడ. గిట్టల కింద నేలమీద ముదురు గీత పడేవరకు గుర్రం గాల్లోనే ఉంటుంది. నీడ గిట్టను అంటుకునే మొదలవ్వాలి.

తెల్ల గుర్రం, రాత్రి, సీరియల్ లైట్లు

నేను మొదటినుంచి వేయాలనుకున్నది ఇదే. నాలుగు కాగితాలు పాడుచేశాక తెలిసింది: తెల్ల గుర్రాన్ని వేయకూడదు, దాని చుట్టూ ఉన్న రాత్రిని వేయాలి.

తెల్లవని మనం అనే చాలా గుర్రాలు ముదురు రంగులో పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ నెరిసినవి. వాటి వెంట్రుకే తెలుపు, చర్మం నలుపు. మూతి దగ్గరా కళ్ల చుట్టూ ఆ బూడిదరంగు బయటపడుతుంది. మూతి గులాబీ రంగులో ఉంటే అది పుట్టుతెలుపు కావచ్చు. రంగు తీయకముందు మూతి చూడండి.

గీత పూర్తయ్యాక గుర్రం బయట అంచు వెంట మంచినీళ్ల పూత వేసి, దాంట్లో అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ చిక్కటి మిశ్రమం వదలండి. వీపు, మెడ, తల చుట్టూ బాగా ముదురుగా, నేలవైపు వచ్చేకొద్దీ పల్చగా. చేయి వణికినా ఆగకండి. కాగితం మధ్యలో ఏ రంగూ తగలని తెల్లటి గుర్రం అలా ఒక్కసారిగా నిలబడడం చూస్తే, నాలుగు కాగితాల బాధ పోతుంది.

ఆరాక, గుర్రం మీద నీడ. లైటు ఏ వైపు ఉందో నిర్ణయించుకుని, రెండో వైపు మూడో వంతు మాత్రమే తాకండి. ఫంక్షన్ హాల్ పసుపు బల్బు వెలుగులో తెల్ల ఒంటి మీది నీడ నీలం, ఊదా కలిసినట్టుంటుంది. అల్ట్రామెరైన్‌లో క్రిమ్సన్ చుక్క, దాని ఘాటు తగ్గడానికి కొంచెం ఆకర్, నీళ్లు బాగా. బూడిదరంగు వేస్తే గుర్రం మురికిగా ఉంటుంది. కళ్లు చికిలించి చూడండి. అప్పుడు చిన్న వివరాలు పోయి వెలుగు, నీడ రెండే మిగులుతాయి. సందేహమైతే బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి, ఎక్కడ ముదురు చాలలేదో వెంటనే తెలుస్తుంది.

పొట్ట కింద సీరియల్ లైట్ల రంగులు పడతాయి, ఎరుపు, ఆకుపచ్చ. నీడ తడిగా ఉండగానే ఒక్కో చుక్క వదిలి ముట్టుకోకుండా ఉండండి. కలిపారంటే బురదే. జరీ గుడ్డ, నెత్తి మీది కుచ్చు, పూసల పట్టెడ మొత్తం ఆకర్, లెమన్ యెల్లో, క్రిమ్సన్ చుక్కల్లో తేలిపోవాలి. నగలు లెక్కపెట్టే కొద్దీ గుర్రం వెనక్కి వెళ్లిపోతుంది. వెలుగు పడిన భుజం, వీపు మీద మాత్రం ఏమీ వేయకండి. అక్కడ బ్రష్ పెట్టాలని చేయి లాగుతుంది. ఆ లాగినప్పుడే బ్రష్ కడిగి మూత పెట్టేయడం నా పద్ధతి.

అయిదో కాగితం పట్టుకుని మళ్లీ ఫంక్షన్ హాల్ ముందుకెళ్లాను. అదే భాయ్, అదే గుర్రం. మొదట కాళ్లు చూశాడు. ఫోన్ టార్చి వేసి ఒక్కొక్క గిట్టా చూశాడు. తల ఊపాడు. తర్వాత జీను దగ్గర వేలు పెట్టి, "తంగ్ కిధర్ హై సాబ్? దూల్హా గిర్‌జాతా" అన్నాడు. పొట్ట కిందినుంచి జీనును బిగించే పట్టీ వేయడం మరిచిపోయాను, ఇలాగైతే పెళ్లికొడుకు పడిపోతాడని అతని బాధ. ఆ పట్టీ మోచేతికి ఒక బెత్తెడు వెనకగా, పొట్ట చుట్టూ వంపు తిరిగి వెళ్తుంది. ఇంటికొచ్చి 2 నంబరు బ్రష్‌తో వేశాను.